తాత తరఫున ఫిల్మ్‌నగర్‌కి

పోయిన సంవత్సరం ఇంటర్న్‌షిప్ పేరు చెప్పి రెండు నెలలు ఫిల్మ్‌నగర్‌లో మా మామ వాళ్ళింట్లో ఉన్నాను. 2025 జూలై 13, ఆదివారం. పదింటిదాకా పడుకుందామనుకుంటే ఏడు కాకముందే ఫోన్ మోగింది. చూస్తే తాత. మా తాత మామూలుగా ఫోన్ చేయడు, మిస్డ్ కాల్ ఇస్తాడు. ఇప్పుడు కాల్స్ అన్నీ రీఛార్జ్‌లోనే కలిసి వస్తాయని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి నమ్మకం లేదు. అలాంటిది రింగ్ ఆగకుండా మోగుతుంటే ఇంట్లో ఎవరికో ఏదో అయిందని గుండె జారింది.

"కోట శ్రీనివాసరావు పోయిండట రా. టీవీల చెప్తున్నరు. గాయన ఇల్లు మీ మామ ఇంటికాడ్నే అట కదా?"

"ఫిల్మ్‌నగర్లనే తాతా."

"అయితే జర పోయి చూసి రా బిడ్డా. నా తరపున ఒక దండం పెట్టి రా."

అంతే, పెట్టేశాడు. మూడు రోజుల ముందే, జూలై 10న, ఆయనకి 83 నిండాయి. ఆదివారం తెల్లవారుజామున సొంత ఇంట్లోనే కన్నుమూశారని అప్పటికే అన్ని ఛానళ్ళలో వస్తోంది.

మా తాత ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. సిద్దిపేట దగ్గర ఊరు. సినిమాలు చూస్తాడు గానీ సినిమావాళ్ళ మీద మోజు ఉన్న మనిషి కాదు. "వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నరు, పైసలు తీసుకుంటున్నరు, మనం టికెట్ కొంటున్నం, లెక్క సాఫ్" అనే రకం. అలాంటి మనిషి దండం పెట్టి రమ్మన్నాడంటే నేను ముఖం కడుక్కుని బయల్దేరాల్సిందే.

బయల్దేరే ముందు ఫిల్మ్‌నగర్ గురించి ఒక మాట. బయటి నుంచి వచ్చే మన ఫ్రెండ్స్‌కి ఈ పేరు వినగానే పెద్ద పెద్ద గేట్లు, కుక్కపిల్లని వాకింగ్‌కి తిప్పే హీరోయిన్లు కనిపిస్తారు. అవీ ఉన్నాయి. ఫిలిం ఛాంబర్ ఉంది, రామానాయుడు స్టూడియో ఉంది, పక్కన జూబ్లీహిల్స్, ఇటు వస్తే బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో. కానీ అదే గుట్ట మీద, ఆ గేట్ల వెనకే, బస్తీలు కూడా ఉన్నాయి. ఇరుకు మెట్లు, మెట్ల మీద నీళ్ళ డ్రమ్ములు, ఒక గోడ ఇద్దరికి కామన్. సినిమా మద్రాసు నుంచి హైదరాబాద్‌కి మెల్లమెల్లగా మారుతున్నప్పుడు హీరోలతో పాటు లైట్లు మోసేవాళ్ళూ, సెట్లకి మేకులు కొట్టేవాళ్ళూ, వంటవాళ్ళూ, డ్రైవర్లూ రావాలి కదా. కొందరు కృష్ణానగర్‌లో పడ్డారు, కొందరు ఇక్కడ. మా మామ లైట్‌మన్. ఆయన ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎంతమంది ముఖాల మీద లైట్ వేశాడో ఆయనకే లెక్క లేదు. ఆ పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే టీ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చుని, "నాకు కోట గారి సినిమా ఎన్నడూ పడలే రా" అన్నాడు. సినిమా చాన్స్ రాని యాక్టర్‌లాగే అన్నాడు.

ఇంక తాత సంగతి.

1985లో 'ప్రతిఘటన' వచ్చింది. టి.కృష్ణ దర్శకుడు, ఉషాకిరణ్ మూవీస్ వాళ్ళు తీశారు. విజయశాంతి లెక్చరర్, చరణ్‌రాజ్ కాళి అనే రౌడీ. మన జనరేషన్‌లో ఆ సినిమా మొత్తం చూసినవాళ్ళు తక్కువే, కానీ చివర గొడ్డలి సీన్ మాత్రం ఎక్కడో ఒక దగ్గర చూసే ఉంటారు. అందులో కాశయ్య అనే రాజకీయ నాయకుడిగా కోట శ్రీనివాసరావు. తెలంగాణ యాసలో మాట్లాడతాడు. తాత అప్పుడు ముప్పై దాటిన మనిషి, హైదరాబాద్ రూట్‌లో డ్యూటీ. రాత్రి గౌలిగూడ బస్టాండ్‌లో బండి పెట్టి, డ్రైవర్‌తో కలిసి సెకండ్ షోకి పోయాడట.

ఈ కథ నాకు చిన్నప్పటి నుంచి కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు. "తెర మీద మన మాట ఇనవడ్డది రా. పక్కోడు చెప్పినట్టు కాదు, మనోడే మాట్లాడినట్టు. నేను డ్రైవర్ని గోకిన. ఈయన ఏ ఊరోడు, సంగారెడ్డా, మెదకా అని. ఇంటర్వెల్ల అడిగితే ఎవనికీ తెల్వదు. ఎన్కట తెలిసింది, బెజవాడ దిక్కట!"

కంకిపాడు. కృష్ణా జిల్లా. ఇది చెప్పేటప్పుడు తాత గొంతులో ప్రతిసారీ రెండు రకాల మాట వినిపించేది. ఒకటి మెచ్చుకోలు, "గాళ్ళ ఊరోడై మన మాట గింత మంచిగ ఎట్ల పట్టిండు రా" అని. రెండోది కొంచెం ఆలస్యంగా వచ్చేది. "పట్టిండు గని, దేనికి వాడిండు? దొంగోనికి." అక్కడ ఆగిపోయేవాడు. బీడీ మానేసి పదేళ్ళయినా ఆ మాట దగ్గర చెయ్యి జేబులోకి పోయేది.

నాకు ఆ రెండో మాట చాలా కాలం అర్థం కాలేదు. ఫస్టియర్‌లో అర్థమైంది.

మన క్లబ్ వేసిన ఆ నాటకం గుర్తున్నవాళ్ళు ఉంటారు, ఎవరి పేరూ చెప్పను. నాకు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వేషం ఇచ్చారు. రిహార్సల్‌లో నేను ఇంకా స్క్రిప్ట్ చదవకముందే, "నీ స్లాంగ్ ఉంది కదా, నోరు తెరిస్తే చాలు, హాల్ లేచిపోతది" అన్నారు. ప్రేమగానే అన్నారు. నాకూ గొప్పగానే అనిపించింది. ఆ రోజు తాత వచ్చాడు. ఊరి నుంచి బస్సులో వచ్చి, తెల్ల చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. నేను స్టేజ్ మీదకి వచ్చి, "ఎవల్లు కావాలె సార్" అన్నాను. హాల్ లేచిపోయింది. ఆ డైలాగ్‌లో జోక్ లేదు. ఎవరు కావాలి అని అడిగాను, అంతే. తర్వాత అసలు జోక్ వచ్చింది, సీనియర్ అన్న కష్టపడి రాసిన జోక్. దానికి పెద్దగా ఎవరూ నవ్వలేదు.

రాత్రి తాతని బస్సెక్కించడానికి వెళ్ళాను. మిరపకాయ బజ్జీలు తిన్నాం. తాత నన్ను మెచ్చుకున్నాడు. "నిలవడ్డది మంచిగున్నది, గొంతు మంచిగున్నది." బస్సు వచ్చాక, ఫుట్‌బోర్డ్ మీద ఒక కాలు పెట్టి, "నువ్వు మాట్లాడితె నవ్విన్రు రా. నవ్వించినప్పుడు నవ్వలే" అని లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను హాస్టల్‌కి నడుచుకుంటూ వచ్చాను.

అప్పటి నుంచి కోట శ్రీనివాసరావుని పట్టుకున్నాను. అభిమానంతో కాదు, నిజం చెప్పాలంటే కొంచెం కోపంతోనే. ఈయన కంకిపాడు నుంచి వచ్చి మా మాటని విలన్ నోట్లో పెట్టి వెళ్ళిపోయాడు, తర్వాత నలభై ఏళ్ళకి నేను "ఎవల్లు కావాలె" అంటే జనం నవ్వుతున్నారు, అనేది నా అప్పటి లెక్క. లెక్క తేల్చుకుందామని ఆయన సినిమాలు చూడటం మొదలుపెట్టాను, ఆయన గురించి దొరికింది చదవడం మొదలుపెట్టాను. సెకండియర్‌లో నాకు వచ్చిన సప్లీకి కారణం ఇదే అని ఇంట్లో ఇప్పటికీ తెలీదు.

చదివిన కొద్దీ కోపం పక్కదారి పట్టింది. ఆయన తండ్రి డాక్టర్. ఈయన కూడా డాక్టర్ కావాలనుకున్నారు, కాలేదు. డిగ్రీ చేసి స్టేట్ బ్యాంకులో ఉద్యోగంలో చేరారు. నాటకాలు చదువుకునే రోజుల నుంచే. ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు నాటకాలు. 'ప్రాణం ఖరీదు' ముందు నాటకమే, సి.ఎస్.రావు గారు రాసింది. అదే 1978లో కె.వాసు దర్శకత్వంలో సినిమా అయింది. చిరంజీవి మొదట రిలీజైన సినిమాగా మనందరికీ క్విజ్‌లో వచ్చే ప్రశ్న అది. కోట గారి మొదటి సినిమా కూడా అదే అని ఎవరూ అడగరు.

1978లో ఆయనకి 36 ఏళ్ళు. 'ప్రతిఘటన' నాటికి 43. ఈ రెండు అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మనం ఇరవై ఒకటికే ప్లేస్‌మెంట్ రాకపోతే లైఫ్ అయిపోయిందనుకుంటాం. ఇరవై ఆరుకి 'సెటిల్' కావాలి. ఈయన 43 ఏళ్ళ దాకా జనానికి పేరు తెలియని నటుడు. మొదటి సినిమా చేసి ఏడేళ్ళు గడిచాక దొరికిన గుర్తింపు అది. ఆ తర్వాత 750కి పైగా సినిమాలు. ఈ ముక్క మన క్లాస్ గ్రూప్‌లో పెడితే ఒకడు, "అంటే నలభై మూడు దాకా అప్లై చేస్తూనే ఉండాలా" అని అడిగాడు. వాడికి అప్పుడే ఒక కంపెనీ మూడో రౌండ్‌లో పోయింది. నేను ఆ మెసేజ్ తీసేశాను.

ఉద్యోగం, నాటకం రెండూ ఒకేసారి చేయడం మన దగ్గరే ఉన్న వింత కాదు. క్లబ్ బీరువాలో ఉన్న స్తానిస్లావ్‌స్కీ పుస్తకం సగం పేజీలు ఊడిపోయి ఉంటుంది, 'యాన్ యాక్టర్ ప్రిపేర్స్', ఎవరైనా చూశారా? ప్రపంచంలో నటన గురించి మాట్లాడే ప్రతివాడూ ఒకసారైనా ఎత్తే పేరు అది. ఆ రష్యన్ పెద్దమనిషి అసలు పేరు అలెక్సెయేవ్. వాళ్ళ కుటుంబానికి మాస్కోలో జరీ దారం తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది, బంగారు వెండి జరీ. నాటకాలు వేస్తున్నట్టు ఇంట్లో తెలియకూడదని స్తానిస్లావ్‌స్కీ అని పేరు మార్చుకున్నాడు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టి ప్రపంచ ప్రసిద్ధుడైన తర్వాత కూడా ఫ్యాక్టరీ పనులు చూస్తూనే ఉన్నాడు. 1902లో గోర్కీ నాటకం 'లోయర్ డెప్త్స్' వేయాల్సి వచ్చినప్పుడు, అందులో అన్నీ దిక్కులేని మనుషుల పాత్రలు కదా, తన నటుల్ని వెంటబెట్టుకుని మాస్కోలోని హిత్రోవ్ మార్కెట్‌కి వెళ్ళాడు. తాగుబోతులూ, దొంగలూ, చెడిపోయిన బతుకులూ ఉండే చోటు. వాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళు ఎలా కూర్చుంటారో, ఎలా మాట్లాడతారో చూసి వచ్చారు. అంతా సూటుబూటు వేసుకున్న నగర నటులే.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది కాశయ్యే. ఒక మనిషి తనది కాని మాటని అలా పలకాలంటే ఎక్కడో కూర్చుని, నోరు మూసుకుని, చాలాకాలం విని ఉండాలి. నేను ఒక పని చేశాను. 'ప్రతిఘటన' సీన్లు కళ్ళు మూసుకుని ఇయర్‌ఫోన్స్‌లో విన్నాను. ఈసీఈ వాడిని, చెవి ఒక్కటే నా ల్యాబ్. తర్వాత నా నాటకం రికార్డింగ్ పెట్టుకుని విన్నాను. తేడా సిగ్గుపడేలా తెలిసింది. నేను నా సొంత యాసనే నొక్కి పలుకుతున్నాను. 'ఎవల్లు' అనే మాటకి అండర్‌లైన్ గీసినట్టు. నవ్వుతారని తెలిసి, నవ్వండి అని చెప్పినట్టు. ఆయన ఏ మాటనీ నొక్కలేదు. యాస అక్కడ ఉన్నట్టే తెలియనీయడు, దాని మీద నిలబడి బెదిరిస్తాడు, బేరం చేస్తాడు. హాల్లో నవ్వు వచ్చే చోట కూడా నవ్వు కాశయ్య బుద్ధికి వస్తుంది, మాట తీరుకి కాదు. తాత ఆ రోజు ఫుట్‌బోర్డ్ మీద చెప్పింది ఇదే. నా సొంత భాషని నాకంటే కంకిపాడు ఆయన మర్యాదగా పలికాడు. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

రెండేళ్ళ తర్వాత, 1987లో, 'అహ నా పెళ్ళంట'. ఇది చెప్పక్కర్లేదు, మన హాస్టల్ మెస్‌లో చికెన్ ముక్క చిన్నగా వచ్చిన ప్రతి ఆదివారం లక్ష్మీపతి పేరు వినిపిస్తుంది. పైన కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే పిసినారి. జంధ్యాల దర్శకుడు, ఆదివిష్ణు గారి 'సత్యం గారిల్లు' నవల ఆధారం. అరగుండుగా బ్రహ్మానందానికి పేరు తెచ్చిన సినిమా కూడా అదే. కోట గారు ఆ సీన్‌లో నవ్వించడానికి ఏమీ చేయరు, గమనించండి. భోజనం చేస్తున్నాడంతే. చాలా శ్రద్ధగా, దాదాపు భక్తిగా తింటాడు. వాడికి అది నిజంగా చికెన్ భోజనం. మనం పగలబడి నవ్వుతున్నామంటే వాడు నమ్మాడు కాబట్టి. అదే మనిషి రెండేళ్ళ కింద కాశయ్య అని చెప్తే అప్పటి ప్రేక్షకులు ఎలా నమ్మారో.

తర్వాత లిస్ట్ చెప్పుకుంటూ పోతే మ్యాగజైన్ చాలదు. 'శత్రువు', 'గాయం'లో గురునారాయణ, 'గణేష్'లో విలన్. బాబూమోహన్‌తో జంట, 'మామగారు' నుంచి. ఈ జంట గురించి ఒక సంగతి నాకు ఇష్టం. బాబూమోహన్ ఖమ్మం జిల్లా మనిషి, రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి వచ్చినవాడు. ఒకరు బ్యాంకు, ఒకరు రెవెన్యూ. ఇద్దరూ తర్వాత ఎమ్మెల్యేలు కూడా అయ్యారు. కోట గారు 1999 నుంచి 2004 దాకా విజయవాడ తూర్పు బీజేపీ ఎమ్మెల్యే. తెర మీద అన్ని రకాల అవినీతి నాయకుల్నీ వేసి చూపించిన మనిషికి జనం నిజంగా ఓటేశారంటే, ఓటర్లు నటననీ మనిషినీ వేరుగా చూడగలరనే అనుకోవాలి. మా మామ మాత్రం, "అనుభవం చూసి ఏసింటరు" అంటాడు.

తమిళంలో 'సామి'లో పెరుమాళ్ పిచ్చై, హిందీలో 'సర్కార్'లో సెల్వర్ మణి. తొమ్మిది నందులు, 2015లో పద్మశ్రీ. ఇవి ఎక్కడైనా దొరుకుతాయి.

నాకు మాత్రం ఈ పెద్ద విలన్ల కంటే 'ఆడవారి మాటలకు అర్థాలే వేరులే'లో నాన్న ఎక్కువ. ప్లేస్‌మెంట్ సీజన్‌లో మా ఫ్లోర్‌లో ఆ సినిమా బ్యాన్. ఉద్యోగం లేని కొడుకుని తిట్టే నాన్న అది. సినిమాలో వెంకటేష్ వైపు ఉండాలని మనం టికెట్ కొంటాం గానీ, సగం నుంచి చూపు ఆ నాన్న మీదే ఉంటుంది. కొడుక్కి ఉద్యోగం వచ్చాక ఆ ముఖంలో గర్వం కనబడకుండా దాచుకోవడానికి పడే పాట్లు చూడండి. మా నాన్న కూడా అంతే. ఫస్ట్ సెమ్ రిజల్ట్స్ చూసి, "సరే, తిను" అన్నాడు.

తెర మీద అంతమందికి తండ్రిగా వేసిన ఆయనకి 2010 జూన్‌లో రోడ్డు ప్రమాదంలో కొడుకు పోయాడు. ప్రసాద్, ఆయనా నటుడే. 'గాయం 2'లో తండ్రీ కొడుకులిద్దరూ ఉన్నారు. దాని తర్వాత కూడా ఈయన సెట్లకి వెళ్ళారు, నవ్వించే పాత్రలు వేశారు. 2012లో 'గబ్బర్‌సింగ్'లో మందుబాబుల పాట పాడింది ఆయనే. నేను ఆ పాటకి ఫ్రెషర్స్ డేలో స్టెప్పులేశాను. తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు తర్వాత మళ్ళీ వేయలేదు.

నా కోపం లెక్క మిగిలే ఉంది కదా. తేలిందా అంటే, పూర్తిగా తేలలేదు.

తెలుగు సినిమాలో చాలాకాలం హీరో మాట్లాడేది కృష్ణా గుంటూరు వైపు మాట, దాన్ని నున్నగా చేసిన పుస్తకం మాట. తెలంగాణ యాస రౌడీకి, తాగుబోతుకి, పనివాడికి. ఉద్యమం రోజుల్లో ఈ మాట గట్టిగా అడిగారు, అడగాల్సిన మాటే. 2014లో రాష్ట్రం వచ్చింది. 2016లో 'పెళ్ళిచూపులు'లో ప్రియదర్శి హీరో పక్కన నిలబడి మాట్లాడాడు. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ భానుమతి హీరోయిన్‌గా మాట్లాడింది. 2023లో 'బలగం'లో చావింట్లో అందరూ అదే మాటలో ఏడ్చారు, ఎవరూ నవ్వలేదు. కాశయ్య నుంచి భానుమతికి 32 ఏళ్ళు. ఆ 32 ఏళ్ళలో మా తాత టికెట్లు కొడుతూనే ఉన్నాడు, రిటైర్ కూడా అయ్యాడు.

ఇంకో ముల్లు ఉంది. బయటి భాషల నుంచి విలన్లని తెచ్చి మన నటుల పొట్ట కొడుతున్నారని కోట గారు చాలాసార్లు బాహాటంగా అన్నారు. నిజమే అన్నారు. తెలుగు రాని వాడికి తెలుగు విలన్ వేషం ఇచ్చి, ఇంకొకరి గొంతు అతికిస్తే అది ఏం నటన? కానీ నేను ఇది తాతకి చదివి వినిపిస్తే తాత నవ్వాడు. "మరి అప్పుడు కాశయ్య ఏషానికి సిద్దిపేటల ఎవడు దొరకలేనా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. తాతే కాసేపాగి, "దొరికితె మాత్రం గట్ల చేస్తుండెనా, ఏమో" అని ఆయనే తగ్గాడు. తాత దగ్గర ఈ కేసు నలభై ఏళ్ళుగా పెండింగ్. రెండు వైపులా ఆయనే వాదిస్తాడు.

ఆ ఆదివారానికి వస్తాను. మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చేసరికే కార్లు ఆగిపోయి ఉన్నాయి. టీవీ వాళ్ళ వ్యాన్లు, పోలీసులు, తెల్ల బట్టలు. పెద్ద హీరోలు ఎవరైనా వస్తారేమోనని ఫోన్లు ఎత్తి పట్టుకున్న పిల్లలు కొందరు, నా వయసు వాళ్ళే. వాళ్ళ పక్కన ఏ ఫోనూ ఎత్తకుండా నిలబడ్డవాళ్ళు ఎక్కువగా అరవై దాటిన మగవాళ్ళు. చేతిసంచులు, ఊతకర్రలు. ఒకాయన నన్ను "ఏ ఊరు బాబూ" అని అడిగాడు. చెప్పాను. "మాది తెనాలి అండి, అమ్మాయి దగ్గరకి వచ్చాం" అన్నాడు. తను కుర్రాడిగా ఉన్నప్పుడు పరిషత్తు నాటకాలు ఆడేవాడట, బహుమతి కూడా వచ్చిందట, పెళ్ళయ్యాక మానేశాడట. ఎందుకు మానేశారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇద్దరం ఒక చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాం. ఆయన నాతో ఆయన మాటలో, నేను ఆయనతో నా మాటలో. మామూలుగా కొత్తవాళ్ళతో, ముఖ్యంగా అటువైపు వాళ్ళతో మాట్లాడేటప్పుడు నా నోరు దానంతటదే 'వచ్చారా, వెళ్ళారా' అని సర్దుకుంటుంది. హాస్టల్‌లో మొదటి నెలలోనే నేర్చుకున్న విద్య. ఆ రోజు ఎందుకో సర్దుకోలేదు.

దగ్గరకి పోలేకపోయాను. ఓ గంటన్నర తర్వాత రోడ్డు మీద నుంచే, గేటు వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. పక్కన ఒకమ్మాయి చూసింది. సిగ్గేసింది గానీ దించలేదు, అది నాది కాదు కదా, తాతది. అదే రోజు జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో అంత్యక్రియలు అయిపోయాయి. అది నేను మామ ఇంట్లో టీవీలో చూశాను.

సాయంత్రం తాతకి ఫోన్ చేశాను.

"చూసినవా?"

"దూరం నుంచే తాతా. లోపలికి పోనియ్యలే. జనం మస్తుగున్నరు."

"ఎంత దూరం?"

"మనింటికాడి నుంచి బడి దాక ఉంటది."

తాత కొంచెంసేపు మాట్లాడలేదు. "నేను గౌలిగూడల చూసినప్పుడు గంతకన్న దూరంల కూసున్న. నేల టికెట్ అయిపోయి బాల్కనీ కొన్న ఆ దినం" అన్నాడు. తర్వాత వానలు, పత్తి, మా చిన్నాయిన కొన్న మోటర్ గురించి చెప్పాడు.

ఈ సెమిస్టర్ మన క్లబ్ కొత్త నాటకం మొదలుపెట్టింది. ఊళ్ళో ఆసుపత్రి కథ. వార్డ్ బాయ్ వేషం నాకే రాసి పెట్టి ఉంది, కాగితం మీద పేరు కూడా ఉంది. నేను డాక్టర్ వేషం అడిగాను. ఇస్తే, నా మాటలోనే చేస్తానన్నాను. గదిలో కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒకరు, మంచివాడే, నాతో ఒకే కంచంలో తినేవాడే, "డాక్టర్ అట్లా మాట్లాడడు కదరా, జనం నవ్వుతారు" అన్నాడు.

"మా సిద్దిపేటల డాక్టర్ గిట్లనే మాట్లాడ్తడు" అన్నాను.

గంటసేపు గొడవ. చివరికి ఒకసారి చదివి చూద్దాం, నవ్వొస్తే వార్డ్ బాయ్, రాకపోతే డాక్టర్ అని తేల్చారు. శుక్రవారం ఐదున్నరకి సెమినార్ హాల్. నేను రోజూ రాత్రి టెర్రస్ మీద ఆ రెండు పేజీలూ చదువుతున్నాను, రికార్డ్ చేసుకుని వింటున్నాను. ఇంకా ఒకటి రెండు మాటలు నొక్కుతున్నాను. తాతకి ఫోన్‌లో వినిపిస్తే, "ఆ సూది కాడ జర నెమ్మదిగ అను" అన్నాడు.